చిరుత బల్లికి గృహ నిర్మాణము
ప్రకృతి శాస్త్ర పాఠము

మన పాఠశాలలో చదువుకొను బాలబాలికలలో పెక్కుమందికి ఏదో యొక జంతువును పెంచవలెనను కోరిక కలదు. కుక్కను, పిల్లిని, పావురమును, కోడిని పెంచు విధము ఇంటిలోని పెద్దలే నేర్పుదురు. బల్లి జాతికి చెందిన జీవిని పెంచు విధము తెలిసి చెప్పువారు అరుదు. అట్టి జీవికి ఇంటియందే స్వహస్తములతో పెట్టెను కట్టుట యెట్లో ఈ పాఠమున వివరింప దలచితిమి. చూచుటకు ఇది కొయ్యపని పాఠమువలె కనబడును. చదువుచు పోయిన కొలది ఇందు ఉష్ణమును గూర్చిన శాస్త్రమును, మన చేతిలో పడిన ప్రాణి యెడల మన ధర్మమును కూడ కలిసియున్నవని విద్యార్థులు గ్రహింపగలరు.

1. ఏ జీవి కొరకు ఈ పెట్టె?

సరీసృపములలో పాములు, తాబేళ్లు, మొసళ్లు, బల్లులు, తొండలు, ఉడుములు చేరియున్నవి. వీని అవసరములన్నియు ఒక్కటి కావు. తాబేటికి తగిన పెట్టె పామునకు తగదు. చెట్టుపై నివసించు తొండకు తగినది నేలపై తిరుగు బల్లికి తగదు. కాబట్టి "సరీసృపములకు పెట్టె" అని ఒకటి లేదు. ఫలానా జీవికి ఫలానా పెట్టె యని మాత్రమే చెప్పవలెను. ఈ పాఠమునకు మేము చిరుత బల్లిని ఎన్నుకొంటిమి. ఆంగ్లమున దీనిని లెపర్డ్ గెకో యందురు. పసుపు రంగు మేనిపై చిరుతపులికి వలె నల్లని మచ్చలుండుటచే దానికి ఆ పేరు వచ్చినది.

కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ వారి ప్రదర్శనశాలకు అధికారిగా నుండిన ఎడ్వర్డ్ బ్లైత్ అను శాస్త్రజ్ఞుడు 1854వ సంవత్సరమున ఈ జీవిని శాస్త్రలోకమునకు పరిచయము చేసెను. దీని శాస్త్రీయ నామము యూబ్లెఫారిస్ మాక్యులేరియస్. ఆఫ్గనిస్థానము, పాకిస్థానము, భారతదేశపు వాయవ్య భాగము దీని జన్మస్థానములు. అచ్చటి రాతి నేలలలో, పొడి గడ్డి భూములలో, రాళ్ల క్రింద పగలు దాగియుండి, ప్రొద్దు క్రుంకిన వెనుక పురుగులను వేటాడును. దీని దగ్గరి చుట్టమొకటి మన తూర్పు కనుమలలోను కలదు. 1827వ సంవత్సరమున గ్రే అను శాస్త్రజ్ఞుడు దానిని వర్ణించి, హార్డ్విక్ అను సైన్యాధికారి పేరు పెట్టెను.

మన ఇంటి గోడలపై తిరుగు బల్లికిని చిరుత బల్లికిని రెండు ముఖ్య భేదములు కలవు. ఇంటి బల్లికి కదలు కనురెప్పలు లేవు. అది నాలుకతో కండ్లను తుడుచుకొనును. చిరుత బల్లికి రెప్పలు కలవు. నిద్రించునపుడు వానిని మూసికొనును. ఇంటి బల్లి వ్రేళ్ల అడుగున అంటుకొను మెత్తలుండుటచే అది గోడపై ప్రాకగలదు. చిరుత బల్లికి ఆ మెత్తలు లేవు, గోళ్లు మాత్రమే కలవు. నున్నని అద్దముపై అది ఎక్కలేదు. ఈ రెండవ భేదము మన పెట్టె ఆకారమును నిర్ణయించును. ఎక్కలేని జీవికి ఎత్తయిన పెట్టె నిరుపయోగము. విశాలమైన నేల గల పెట్టె కావలెను.

పెరిగిన చిరుత బల్లి తోకతో కూడ సుమారు 20 నుండి 25 సెంటీమీటర్ల పొడవుండును. దాని తోక లావుగా నుండును. అందు క్రొవ్వు నిలువ చేసికొనును. ఆహారము దొరకని కాలమున ఆ నిలువయే దానికి ఆధారము. భయపడినయెడల ఆ తోకను విడిచి పారిపోవును. మరల తోక మొలచును గాని మొదటి దానివలె నుండదు. ఇంటి బల్లికి గాని, తొండకు గాని, చిరుత బల్లికి గాని విషము లేదు. ఈ మాట మన గ్రామములలో ఎంత గట్టిగా చెప్పినను చాలదు.

2. కొయ్యను కోయుటకు ముందు

పెట్టె కట్టుటకు ముందు చట్టమును తెలిసికొనవలెను. మన దేశమున వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972వ సంవత్సరమున వచ్చినది. 2022వ సంవత్సరమున దానిని సవరించిరి. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చెను. ఉడుము, కొండచిలువ, నక్షత్ర తాబేలు ఈ చట్టపు మొదటి పట్టికలో కలవు. వానిని పట్టుట, కొనుట, అమ్ముట నేరము. నక్షత్ర తాబేలు ఇంటనున్న అదృష్టము కలుగునని కొందరు నమ్మి దొంగతనముగా కొనుచున్నారు. ఆ నమ్మకము వలన ఎన్ని తాబేళ్లు గోనె సంచులలో ఊపిరాడక చచ్చుచున్నవో ఆలోచింపుడు. విదేశీ జీవులలో అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలకెక్కిన వానిని ఇంట నుంచుకొనువారు ప్రభుత్వమువద్ద నమోదు చేయించుకొనవలెను.

చట్టపు మాట అటుండగా, మేము విద్యార్థులకు చెప్పు నియమము చిన్నది: అడవిలో గాని, తోటలో గాని, గోడపై గాని స్వేచ్ఛగా పుట్టిన జీవిని పట్టి పెట్టెలో పెట్టరాదు. చిరుత బల్లులు బ్రిటను, అమెరికా మున్నగు దేశములలో అనేక తరములుగా పెంపకపు ఇండ్లలోనే పుట్టి పెరుగుచున్నవి. అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబముల బాలలును వానిని పెంచుకొనవచ్చును. పెంపకమున పుట్టిన జీవికే ఈ పెట్టె. మన దేశమున ఎవరైన ఏ సరీసృపమునైనను పెంచ దలచినచో, ముందు అటవీశాఖ కార్యాలయమునకు పోయి విచారించి, పిదపనే రంపమును చేత పట్టవలెను.

3. వేడిని గూర్చిన మూలసూత్రము

తరగతిలో మేము తరచు అడుగు ప్రశ్న యొకటి కలదు. "మిట్టమధ్యాహ్నము కంచెపై కూర్చున్న తొండ రక్తము చల్లనిదా, వెచ్చనిదా?" అని అడుగగానే, "చల్లనిది" అని పిల్లలందరు ఒక్క గొంతుతో చెప్పుదురు. శీతరక్త ప్రాణులను పదము వారినట్లు త్రోవ తప్పించును. ఎండలోనున్న తొండ రక్తము ఇంచుమించు మన రక్తమంత వెచ్చగానే యుండును. భేదమెచ్చటననగా, మనము తిన్న అన్నము నుండి మన దేహము లోపలనే వేడిని పుట్టించుకొనును. తొండ తన వేడిని ఎండ నుండియు, కాగిన రాతి నుండియు అరువు తెచ్చుకొనును.

అరువు తెచ్చుకొనుటలో దాని నేర్పంతయు కలదు. ఉదయమున రాతిపైకి వచ్చి ఎండ కాగును. వేడెక్కిన పిదప నీడకు జరుగును. చల్లబడినయెడల మరల వచ్చును. 1944వ సంవత్సరమున రేమండ్ కౌల్స్, ఛార్లెస్ బోగర్ట్ అను ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు ఎడారి సరీసృపముల ఉష్ణావసరములను గూర్చి యొక వ్యాసమును ప్రకటించిరి. ఎడారి బల్లులును పాములును ఇట్లు అటునిటు కదలుట చేతనే తమ దేహోష్ణమును తగిన మేరలలో నిలుపుకొనుచున్నవని వారు చూపిరి. అనగా సరీసృపమునకు కాళ్లు నడచుటకు మాత్రమే కావు, వేడిని సరిచేసికొనుటకు కూడ.

వేడి తక్కువైనచో ఈ జీవికి ఆకలి మందగించును, తిన్నది అరుగదు, రోగమునెదిరించు శక్తి క్షీణించును. వేడి మితిమీరినచో కొలది కాలములోనే ప్రాణము పోవును. వేడి దాని పుట్టుకను సైతము ఏలుచున్నది. చిరుత బల్లి గుడ్లను సుమారు 26 డిగ్రీలలో పొదిగించినచో దాదాపు అన్నియు ఆడ పిల్లలే యగును; సుమారు 32 డిగ్రీలకు కొంచెము పైన పొదిగించినచో మగ పిల్లలే హెచ్చుగా పుట్టును.

ఇప్పుడు పెట్టె సంగతి ఆలోచింపుడు. అడవిలో ఒక రాయి వెచ్చగా నుండిన, దాని ప్రక్కనే చల్లని పగులు ఉండును. మూసిన పెట్టెలో మనము పెట్టినదే యుండును, పెట్టనిది ఉండదు. పెట్టె యంతయు వెచ్చనైన చల్లదనమునకు త్రోవ లేదు. పెట్టె యంతయు చల్లనైన వెచ్చదనమునకు త్రోవ లేదు. కనుక ఈ పాఠమునకు మూలసూత్రమిది: పెట్టెలో బల్లికి ఎన్నుకొను అవకాశము ఉండవలెను. ఒక కొన వెచ్చన, ఒక కొన చల్లన. ఒకచోట పొడి, ఒకచోట తడి. ఒకచోట వెలుగు, ఒకచోట చీకటి. ఇక చెప్పబోవు ప్రతి కొలతయు ఈ సూత్రము నుండియే పుట్టినది.

ఈ సూత్రమును కట్టడములో పెట్టి చూపినవారిలో జోన్ ప్రాక్టర్ అను విదుషీమణి ముఖ్యురాలు. ఆమె లండను జంతు ప్రదర్శనశాలలో సరీసృప విభాగమునకు అధికారిణి. 1927వ సంవత్సరమున అచ్చట తెరువబడిన సరీసృప గృహమునకు ఆమెయే రూపకల్పన చేసెను. విద్యుత్తుతో వేర్వేరు భాగములను వేర్వేరు మేరలలో వేడి చేయు ఏర్పాటు అందుండెను. చిన్ననాటి నుండి రోగపీడితురాలైన ఆమె 1931వ సంవత్సరమున 34 ఏండ్ల ప్రాయముననే మరణించెను. ఆమె పెద్ద కట్టడమున చేసిన దానినే మనము చిన్న పెట్టెలో చేయుచున్నాము.

4. పెట్టె కట్టు విధము

ఒక్క చిరుత బల్లికి 90 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల ఎత్తు గల పెట్టె తగును. పొడవు తగ్గినచో వెచ్చని కొనకును చల్లని కొనకును నడుమ దూరము చాలదు. వేడి పెట్టె యంతయు వ్యాపించును. కనుక పొడవును మాత్రము తగ్గింపరాదు.

12 మిల్లీమీటర్ల మందము గల ప్లైవుడ్ పలక యొకటి తీసికొనవలెను. బజారున దొరకు ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల పలక ఒకటి చాలును. కొంత మిగులును కూడ. దానినుండి ఈ క్రింది ముక్కలను కోయవలెను.

అడుగు పలక, పైకప్పు పలక: 90 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు గలవి రెండు.
ప్రక్క పలకలు: 45 సెం.మీ. వెడల్పు, 42.6 సెం.మీ. ఎత్తు గలవి రెండు.
వెనుక పలక: 87.6 సెం.మీ. పొడవు, 42.6 సెం.మీ. ఎత్తు గలది ఒకటి.
ముందువైపు క్రింది పట్టీ: 87.6 సెం.మీ. పొడవు, 8 సెం.మీ. ఎత్తు గలది ఒకటి.
ముందువైపు పై పట్టీ: 87.6 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. ఎత్తు గలది ఒకటి.

ప్రక్క పలకల ఎత్తు 45 గాక 42.6 ఏల అయ్యెనని అడుగవచ్చును. అడుగు పలకయు పైకప్పు పలకయు ఒక్కొక్కటి 1.2 సెంటీమీటర్ల మందము కలవి. రెండింటి మందము 2.4. ఆ మొత్తమును 45 నుండి తీసివేసిన 42.6 మిగులును. వెనుక పలక పొడవును ఇట్లే లెక్క కట్టితిమి. ఈ లెక్కను కాగితముపై చేయనివాడు కొయ్యను వృథా చేయును.

ముక్కల అంచులను గరుకు కాగితముతో నునుపు చేసి, కొయ్య జిగురు పూసి, మరమేకులతో బిగింపవలెను. సాధారణపు మేకులు కాలక్రమమున వదులగును. మరమేకులు పట్టు విడువవు. మరమేకు దిగుటకు ముందు సన్నని బెజ్జము వేసినచో పలక చీలదు. మొదట అడుగు పలకపై ప్రక్క పలకలను, తరువాత వెనుక పలకను, పిదప ముందు పట్టీలను, కడపట పైకప్పును అమర్పవలెను. మూలలు లంబకోణమున నున్నవో లేవో ప్రతి దశయందును మూలమట్టముతో సరిచూడవలెను.

ముందువైపు రెండు పట్టీల నడుమ నున్న ఖాళీలో రెండు అద్దపు తలుపులు ఒకదాని వెనుక నొకటి జరుగవలెను. ఇందులకు రెండు గాళ్లు గల పట్టాలను క్రింద నొకటి, పైన నొకటి అంటింపవలెను. పై పట్టా గాడి లోతు క్రింది దానికంటె రెండింతలుండవలెను. అద్దమును మొదట పై గాడిలోనికి ఎత్తి, తరువాత క్రింది గాడిలోనికి దింపుటకు ఆ యెక్కువ లోతు అవసరము. పట్టాలు అంటించిన పిదపనే కొలిచి అద్దములను కోయింపవలెను. రెండును నడుమ ఒకటి రెండు సెంటీమీటర్లు ఒకదానిపై నొకటి కప్పుకొనునంత వెడల్పుండవలెను. అద్దపు అంచులను దుకాణమునందే అరగదీయింపవలెను. తలుపు పైన గాక ముందువైపున నుండుటకు ఒక కారణము కలదు. పైనుండి దిగు చేయి బల్లికి గ్రద్దవలె తోచును. ఎదుటనుండి మెల్లగా వచ్చు చేతికి అది క్రమముగా అలవాటు పడును.

లోపలి గోడలకు నీటితో కలియు వార్నిషును రెండు మూడు పూతలు పూయవలెను. కీళ్ల సందులను మూసివేయవలెను. తరువాత పెట్టెను తలుపులు తెరచి, వాసన బొత్తిగా పోవువరకు, కనీసము రెండు వారములు గాలికి ఉంచవలెను. మన ముక్కునకు ఘాటుగా తోచు గాలి మూసిన పెట్టెలోని చిన్న ప్రాణికి ఎంత హానికరమో చెప్ప నక్కరలేదు.

5. గాలి, వేడి, వెలుగు

వేడిగాలి తేలికై పైకి పోవునని మీరు భౌతిక శాస్త్రమున చదివితిరి. ఆ పాఠము ఇచ్చట పనికివచ్చును. చల్లని కొనయందు ప్రక్క పలకలో క్రిందుగా ఒక కిటికీని, వెచ్చని కొనయందు పైభాగమున ఒక కిటికీని కోసి, రెండింటికిని సన్నని తీగవల బిగింపవలెను. చల్లని గాలి క్రిందినుండి ప్రవేశించి, వేడెక్కి, పైనుండి వెడలును. ఏ యంత్రమును లేకయే గాలి కదలుచుండును. పురుగులు దూరిపోనంత సన్నని వల కావలెను.

వేడి కొరకు వెచ్చని కొనయందు పైకప్పునకు పింగాణి హోల్డరు అమర్చి, చిన్న హాలోజెన్ దీపమును పెట్టి, దాని చుట్టును తీగ బుట్ట బిగింపవలెను. బుట్ట లేనిచో చర్మము కాలవచ్చును. దీపమును కొయ్యకు తగులనీయరాదు. దాని తీగను థర్మోస్టాట్ అను ఉష్ణనియామక యంత్రము ద్వారా మాత్రమే కలుపవలెను. వేడి హెచ్చినపుడు ఆ యంత్రమే దీపమును మందగింపజేయును. విద్యుత్తు పనిని ఆ పని తెలిసినవారే చేయవలెను. విద్యార్థులు తాము చేయరాదు. వేడిరాయి యను పేరుతో అమ్మబడు విద్యుత్ రాళ్లను వాడరాదు. ఒక్కొక్కచోట మితిమీరి కాగి, బల్లి పొట్టను కాల్చును.

దీపము క్రింద నల్లని బండ ముక్కయొకటి పరచవలెను. పగటివేళ ఆ బండ పైభాగము 32 నుండి 34 డిగ్రీల వెచ్చదనమున నుండవలెను. చల్లని కొన 24 నుండి 26 డిగ్రీలుండవలెను. రాత్రి దీపమును ఆర్పివేయవలెను; 20 డిగ్రీల వరకు తగ్గినను హాని లేదు. ఎడారి దేశములలో రాత్రులు చల్లబడుట సహజమే గదా.

పెట్టెను కిటికీ ప్రక్క ఎండలో ఎన్నడును పెట్టరాదు. సూర్యకాంతి అద్దము గుండ లోనికి వచ్చి, లోపలి వస్తువులను కాచును. ఆ వేడి త్వరగా వెలుపలికి పోలేదు. నీడకు జరుగుటకు చోటే లేని పెట్టెలో ఒక గంట యెండ చాలును, ప్రాణము పోవుటకు. విజయవాడ, రామగుండము వంటి మన పట్టణములలో వేసవియందు గది వేడియే 40 డిగ్రీలకు చేరవచ్చును. అట్టి దినములలో దీపము వెలిగించుట అటుంచి, పెట్టెను ఇంటిలోని అతి చల్లని గదిలో నేలకు దగ్గరగా నుంచుటయే పని.

6. లోపలి యమరిక

బల్లికి దాగుకొను గూళ్లు మూడు కావలెను. మొదటిది వెచ్చని కొనయందు, రెండవది చల్లని కొనయందు, మూడవది నడుమ. పగిలిన కుండ పెంకును బోర్లించి, అంచులు రాచి, ఒక ద్వారము తీసినచో చక్కని గూడగును. గూడు ఇరుకుగా నుండవలెను. మనకు విశాలమైన గది సుఖము. బల్లికి వీపును ప్రక్కలును తగులు ఇరుకు పగులే అభయము. వెచ్చని కొనయందే గూడుంచి చల్లని కొనయందు ఉంచకపోయినచో, బల్లి భయమునకును వేడికిని నడుమ చిక్కుకొనును. దాగవలెనన్న కాగవలెను, చల్లబడవలెనన్న బయటపడవలెను. రెండు కొనలను రెండు గూళ్లు పెట్టుట ఇందుకే.

నడుమ నుండు మూడవ గూడు తడి గూడు. మూతగల డబ్బాకు ప్రక్కన బెజ్జము చేసి, అంచును నునుపు చేసి, లోపల తడిపిన కొబ్బరి పీచు నింపవలెను. బల్లి అప్పుడప్పుడు కుబుసము విడుచును. విడిచిన దానిని తానే తినివేయును. తడి చాలనిచో వ్రేళ్లచుట్టు పాత చర్మము ఉంగరమువలె బిగిసి, రక్తమును ఆపి, కడకు వ్రేలినే ఊడదీయును. ఒక డబ్బా పీచు ఆ బాధనంతయు తప్పింపగలదు.

నేలపై మొదట కాగితము పరచుట మేలు. క్రొత్తగా వచ్చిన జీవి మలమును చూచి ఆరోగ్యమును గుర్తించుటకు అది అనుకూలము. తరువాత చదునైన పలకరాళ్లు గాని, గట్టిగా అదిమిన మట్టియు ఇసుకయు గాని వేయవచ్చును. వదులైన పొడి ఇసుక ఒక్కటియే వేయరాదు. ఆహారముతో పాటు లోనికి పోయి, నీరసించిన జీవి ప్రేవులలో అడ్డుపడవచ్చును. లోతు లేని పళ్లెములో మంచినీరు ప్రతిదినము మార్చవలెను.

7. ఖాళీ పెట్టెకు పరీక్ష

పెట్టె పూర్తియైన దినముననే బల్లిని తెచ్చుట తగదు. ఏడు దినములు ఖాళీ పెట్టెను నడుపవలెను. వెచ్చని బండపై నొకటి, చల్లని కొనయందు నొకటి, రెండు థర్మామీటర్లు ఉంచి, ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము, పండుకొనుటకు ముందు, దినమునకు నాలుగుసార్లు చూచి పుస్తకమున వ్రాయవలెను. ఏడు దినములకు రెండు థర్మామీటర్ల లెక్కలు 56 అగును. వానిని చదరపు కాగితముపై రెండు గీతలుగా గీయుడు. రెండు గీతలును పగటివేళ ఎడముగా నుండినచో మీ పెట్టె మంచిది. అవి ఒకదానినొకటి తాకుచుండినచో పెట్టెలో బల్లికి ఎన్నిక లేదని యర్థము. అప్పుడు దీపమును మరికొంత కొనకు జరుపుట గాని, కిటికీని పెద్దది చేయుట గాని చేసి, మరల ఏడు దినములు చూడవలెను.

ఈ పరీక్షలో మరియొక పరీక్ష దాగియున్నది. ఏడు దినములు నాలుగుసార్లు థర్మామీటరు చూచుటకు విసిగినవాడు, ప్రాణిని పెంచుటకు ఇంకను సిద్ధముగా లేడు. ఆ సంగతి ఖాళీ పెట్టె ముందు తెలియుట మేలు.

8. ఆహారము, శుభ్రత

చిరుత బల్లి పురుగులనే తినును. ఆకులు, పండ్లు తినదు. పెంపకపు ఇలకోళ్లు, పిండి పురుగులు మున్నగునవి ప్రాణముతో పెట్టవలెను. బల్లి రెండు కండ్ల నడుమ నున్న దూరముకంటె పురుగు పెద్దది కారాదు. ఇంటి బొద్దింకలను పట్టి పెట్టరాదు. అవి విషపు మందు తినియుండవచ్చును. పురుగులలో కాల్షియము తక్కువ. కనుక వానిపై కాల్షియము పొడిని చల్లి పెట్టవలెను. దానిని ఎముకలు గ్రహించుటకు డి విటమిను కూడ కావలెను. ఈ రెండును లోపించినచో ఎముకలు మెత్తబడి కాళ్లు వంగిపోవును. తినక మిగిలిన ఇలకోళ్లను రాత్రికి తీసివేయవలెను. అవి నిద్రించు బల్లిని కొరుకును.

ఒక పెట్టెలో ఒక్క బల్లినే ఉంచవలెను. మగవి రెండు కలిసినచో పోరాడును. తోడు లేక దిగులుపడునని జాలిపడ నక్కరలేదు; అది మన స్వభావమే గాని దాని స్వభావము కాదు.

సరీసృపముల మలమునందు సాల్మొనెల్లా యను సూక్ష్మజీవి యుండవచ్చును. బల్లిని గాని, పెట్టెను గాని తాకిన ప్రతిసారియు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. పెట్టె పాత్రలను వంట పాత్రలతో కలిపి తోమరాదు. పసిబిడ్డలను దానికి దూరముగా నుంచవలెను.

9. పెంపకము అనెడి మాట

బాగుగ చూచుకొనబడిన చిరుత బల్లి 15 లేక 20 సంవత్సరములు జీవించును. ఎనిమిదవ తరగతి చదువు బాలుడు దానిని తెచ్చుకొనినచో, అతని చదువు ముగిసి, ఉద్యోగము దొరకి, వివాహమైన నాటికిని అది బ్రతికియే యుండవచ్చును. ఊరు మారిన నాడు ఎవరు చూతురు? పరీక్షల నెలలో ఎవరు పురుగులు పెట్టుదురు? విద్యుత్తు పోయిన రాత్రి ఎవరు మేలుకొందురు? ఈ ప్రశ్నలకు పేర్లతో జవాబు చెప్పగలిగిన ఇంటనే ఆ పెట్టె ఉండదగును. జవాబు లేని ఇంట, పెట్టె కట్టకుండుటయే కరుణ.

సామెతల గ్రంథము 30వ అధ్యాయములో, భూమిమీద చిన్నవైనను జ్ఞానము గలవని చెప్పబడిన నాలుగు జీవులలో బల్లి యొకటి. సృష్టికర్త మానవునకు జీవులపై అప్పగించిన అధికారము కాపరి అధికారము. కాపరి గొఱ్ఱెలకు పచ్చికను, నీటిని, నీడను వెదకి చూపును. పెట్టె కట్టినవాడు ఆ లోపలి ప్రాణికి సూర్యుడును, రాత్రియు, వానయు తానే యగుచున్నాడు. ఆ పదవి ఎంత గొప్పదో అంత భయంకరమైనది.

పెట్టె కట్టుటకు వీలులేని విద్యార్థులు నిరాశపడ నక్కరలేదు. దొడ్డిలో ఎండ పడుచోట, కంచె ప్రక్కన, పది పదునైదు రాళ్లను సందులు విడిచి కుప్పగా పేర్చుడు. కొలది దినములలో తొండలు దానిని కనుగొనవచ్చును. ఉదయమున పైరాతిపై నొకటి ఎండ కాగును. మధ్యాహ్నమున సందులోనికి జారును. సాయంకాలమున మరల వచ్చును. పుస్తకము, పెన్సిలు పట్టుకొని దూరముగా కూర్చుండి వేళలను వ్రాసికొనుడు. ఈ పాఠమున చెప్పిన శాస్త్రమంతయు ఆ రాళ్లకుప్పలో గోడలు లేకయే జరుగుచుండును. తొండను చూడగానే రాయి పట్టు అలవాటు మన గ్రామ బాలురలో ఇంకను కలదు. ఆ రాతిని విసరుటకు మారుగా కుప్పలో పేర్చుట నేర్చినవాడు ఈ పాఠమును సగము నేర్చినట్లే.

అభ్యాసము

1. పెట్టె ఎత్తుకంటె పొడవు ముఖ్యమగుటకు చిరుత బల్లి దేహ నిర్మాణమునుండి ఒక కారణమును, వేడి వ్యాప్తినుండి ఒక కారణమును వ్రాయుడు.
2. 18 మిల్లీమీటర్ల మందము గల పలకతో అదే వెలుపలి కొలతల పెట్టెను కట్టినచో ప్రక్క పలకల ఎత్తు, వెనుక పలక పొడవు ఎంత యుండవలెను?
3. రెండు కిటికీలను ఒకే ఎత్తున పెట్టినచో గాలి కదలికలో ఏమి భేదము కలుగును?
4. ఒకే పరిమాణము గల రెండు ఖాళీ గాజు సీసాలలో థర్మామీటర్లు ఉంచి మూతపెట్టి, ఒకదానిని ఎండలోను ఒకదానిని నీడలోను పెట్టి, పది నిమిషముల కొకసారి అరగంట వరకు లెక్క వ్రాయుడు. ఏ ప్రాణిని అందు ఉంచరాదు.
5. మీ యింట ఇట్టి జీవిని పెంచుటకు, పెంచకుండుటకు గల కారణములను పెద్దలతో మాట్లాడి, రెండు వరుసలుగా వ్రాసి తెండు.